పక్షుల వెంట నడచిన సలీం అలీ

నంద్యాల పట్టణమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల పాదమున మహానంది క్షేత్రము గలదు. ఎంత ఎండకాలమునందైనను అచ్చటి ఊట ఎండదు. కోనేటి అడుగున పడిన చిన్న నాణెము సైతము పైనుండి కనుపించునంత నిర్మలమైనవి ఆ నీళ్లు. యాత్రికులు వచ్చి స్నానమాడి, దైవదర్శనము చేసికొని మరలిపోవుదురు. కాని తెల్లవారుజామున అచ్చట నిలిచి, కొంతసేపు మాటలు మాని చెవి యొగ్గువానికి వేరొక దర్శనము లభించును. తూర్పున కొండ యడవి నుండి నెమళ్ల కేకయు, అడవికోడి కూతయు వినవచ్చును. ఎక్కడనో వడ్రంగిపిట్ట మ్రాను తొలుచు చప్పుడగును. పడమర దిక్కున పొలముల మీదుగా తీతువు అరచుచు ఎగిరిపోవును.

మహానంది ఇట్లు రెండు లోకముల నడిమి గడప వంటిది. తూర్పున నల్లమల యడవులు కొండ వెనుక కొండగా వ్యాపించి యున్నవి. పడమర కుందేటి లోయయు, నల్లరేగడి చేలును గలవు. ఆ వైపుననే ఇంకను ముందునకు సాగినచో, చెట్లు పలుచబడి, గడ్డియే మోకాలి యెత్తున పెరిగిన రోళ్లపాడు బీళ్లు వచ్చును. అడవిలో బ్రతుకు పక్షి బీటిలో బ్రతుకదు. బీటిలో గ్రుడ్లు పెట్టు పక్షి అడవి ముఖము చూడదు. ఏ పక్షి ఎచ్చట నుండును, ఏమి తినును, ఎట్లు పిల్లలను పెంచును అను ప్రశ్నలకు సమాధానములు వెదకుచు, దేశమంతయు కాలినడకను తిరిగి, తొంబది యేండ్ల జీవితమును ఆ పనికే ధారపోసిన మహనీయుడొకడు మన దేశమున నుండెను. ఆయనయే సలీం అలీ. ఆయన చరిత్రలో మన తెలుగునేలకును ముఖ్యమైన చోటు గలదు.

సలీం అలీ 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. పుట్టిన యేడాదికే తండ్రియు, మూడవయేట తల్లియు గతించిరి. అమీరుద్దీన్ తయ్యబ్జీ అను మేనమామ, సంతానము లేని ఆయన భార్య హమీదా బేగం, ఆ యనాథబాలుని తమ బిడ్డవలె పెంచిరి. మేనమామ వేటయందు ఆసక్తి గలవాడు. ఆయన యిచ్చిన చిన్న గాలితుపాకితో సలీం పిచ్చుకలను కొట్టుచుండెడివాడు. గురి తప్పక కొట్టుటయే అప్పటికి ఆ బాలునికి తెలిసిన గొప్పతనము.

ఒకనాడు ఆతడు కొట్టిన పిచ్చుక తక్కిన పిచ్చుకల వలె లేదు. దాని గొంతుక మీద పసుపు అద్దినట్లు ఒక మచ్చ యుండెను. మన ప్రాంతమున కొండపిచ్చుక, అడవిపిచ్చుక అని పిలుచునది ఈ జాతి పక్షియే. బాలుడు దానిని మేనమామకు చూపి, ఇది యేమి పక్షియని అడిగెను. ఆయన తనకు తెలియదని చెప్పి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము కార్యదర్శియైన మిల్లర్డు దొరకు ఒక ఉత్తరము వ్రాసి యిచ్చెను. అది 1908వ సంవత్సరము. ఆ కాలమున ఒక భారతీయ బాలుడు దొరగారి కచేరీలో అడుగు పెట్టుట సామాన్యమైన సంగతి కాదు. సలీం జంకుచునే లోనికి పోయెను. మిల్లర్డు ఆ బాలుని ఆదరముతో కూర్చుండబెట్టి, పక్షి పేరు చెప్పి, బీరువాల సొరుగులు ఒక్కొక్కటిగా తెరచి, పదిలపరచిన వందలకొలది పక్షులను చూపెను. చదువుటకు పుస్తకములు ఇచ్చెను. చచ్చిన పక్షి చర్మము చెడకుండ పదిలపరచు విధానమును నేర్పించు ఏర్పాటు చేసెను. తాను తెలియక చంపిన ఒక చిన్న పిట్ట, ఆ బాలునికి జీవితమంతటికిని సరిపోవు ప్రశ్నను మిగిల్చిపోయినది.

అయినను ఆయన దారి పూలబాట కాలేదు. తరచు తలనొప్పితో బాధపడుచు, చదువునకు ఆటంకము కలుగగా, 1913లో ఎట్లో మెట్రిక్యులేషను పరీక్ష గట్టెక్కెను. కళాశాలలో చేరియు చదువు పూర్తి కాకుండగనే మానుకొని, బర్మా దేశమునకు పోయి, అన్న చేయుచున్న గనుల పనికిని కలప వ్యాపారమునకును సాయపడెను. అచ్చటి యడవులలో లెక్కలకంటె పక్షులే ఆయన మనస్సును ఎక్కువగా లాగినవి. వ్యాపారము లాభింపలేదు. 1918లో తెహ్మీనా అను విదుషీమణిని వివాహమాడెను. జంతుశాస్త్రము కొంత నేర్చెను గాని, విశ్వవిద్యాలయ పట్టము లేకపోవుటచే ప్రభుత్వ శాస్త్రశాఖలో ఆయనకు ఉద్యోగము దొరకలేదు. 1926లో బొంబాయి మ్యూజియమున సందర్శకులకు విషయములు వివరించి చెప్పు కొలువు లభించెను. జ్ఞానము చాలదని తలచి, సెలవు పెట్టి, జర్మనీ దేశమున బెర్లిను నగరమునకు పోయి, స్ట్రెసెమాన్ అను గొప్ప పక్షిశాస్త్రజ్ఞుని యొద్ద శిష్యుడై పని నేర్చెను. 1930లో తిరిగి వచ్చునప్పటికి, ధనము చాలదను కారణముచే ఆ మ్యూజియపు కొలువును తీసివేసిరి.

ముప్పదినాలుగేండ్ల వయస్సున చేతిలో పని లేదు, పట్టము లేదు. అట్టి స్థితిలో నున్నవాడు నిరాశ పడుట సహజము. కాని సలీం అలీ భార్యతో కూడ కిహిమ్ అను సముద్రతీర గ్రామమునకు పోయి కాపురముండెను. అచ్చట గిజిగాళ్లు గూళ్లు కట్టుచుండెను. గిజిగాని గూటిని చూడనివారు మన పల్లెలలో నుండరు. కాని ఆ గూటి సంసారమును ఓపికతో గమనించినవారెందరు? సలీం అలీ మాటున కూర్చుండి నెలల తరబడి దానిని చూచెను. మగపక్షి గూటిని సగము వరకు కట్టి ఆగును. ఆడుపక్షి వచ్చి, లోనికి దూరి, పరీక్షించి, నచ్చినచో అందు నిలుచును; నచ్చనిచో ఎగిరిపోవును. ఆమె ఒప్పుకొనిన పిదపనే మగపక్షి గూటిని పూర్తి చేయును. పిమ్మట అది మరియొక గూడు మొదలిడి, మరియొక ఆడుపక్షిని పిలుచును. ఊరివారందరి కన్నుల యెదుట జరుగుచుండియు ఎవరికిని సరిగా తెలియని ఈ సంగతిని 1931లో ఆయన ప్రకటింపగా, శాస్త్రజ్ఞులు మెచ్చుకొనిరి. ఉద్యోగము పోయిన దినములే ఆయనకు మేలు చేసినవి.

ఇప్పుడు ఆయన మన తెలుగుదేశమునకు వచ్చిన కథ వినవలెను. 1929-30 సంవత్సరములలో బొంబాయి సంఘమువారు వెర్నే అను దాత సాయమున తూర్పు కనుమలలోని పక్షులను పరిశోధింపజేసిరి. అప్పటి మద్రాసు రాజధానిలోని కర్నూలు మండలపు నల్లమలలు, కడప మండలపు పాలకొండలు అందులో చేరినవి. కాని కృష్ణానదికి ఉత్తరముననున్న నల్లమలలు నిజాము రాజ్యములోనివి. కొండ ఒక్కటే, అడవి ఒక్కటే. నడుమ ఏరు పారుటచే ఏలుబడులు రెండైనవి. పక్షులు ఆ సరిహద్దును ఎరుగవు గాని పరిశోధకులు ఎరుగవలసి వచ్చెను. స్వదేశ సంస్థానములలోని పక్షుల సంగతి అప్పటికి సరిగా ఎవరికిని తెలియదు. ఈ కొరతను తీర్చుటకు సలీం అలీ పూనుకొనెను. తనకు జీతము అక్కరలేదనియు, విడిదికిని ప్రయాణమునకును అగు ఖర్చు మాత్రము భరించిన చాలుననియు తెలిపెను. నిజాము ప్రభుత్వము అంగీకరించెను. ఇట్లు 1931-32లో హైదరాబాదు రాజ్య పక్షి పరిశోధన జరిగెను.

గుడారములు, పాత్రలు, పెట్టెలు మోయించుకొని ఆ చిన్న బృందము మకాము వెంట మకాముగా సాగెను. దక్కను పీఠభూమి మీది ముళ్లపొదల బయళ్లు, చెరువుగట్లు, గోదావరి యొడ్డు అడవులు, అమ్రాబాదు ప్రాంతమున నల్లమల మీది ఫర్హాబాదు, ఇవన్నియు వారి విడుదులు. తెహ్మీనా నగరమున సుఖముగా పెరిగినదయ్యును, భర్తతో కూడ గుడారములలో నివసించి, మకాము వ్యవహారములన్నియు చక్కబెట్టెను. సలీం అలీ తెల్లవారక ముందే దుర్భిణి తీసికొని బయలుదేరును. కొత్త అడవిలో దారి చూపువారు స్థానికులే. ఏ చెట్టు పూసినది, ఏ మడుగున నీరు నిలిచినది, ఏ వాగు ప్రక్కన ఏ పిట్ట గూడు పెట్టును అను సంగతులు అడవినే నమ్ముకొని బ్రతుకువారికి తెలిసినట్లు పట్టణవాసికి తెలియవు. వారిని అడిగి తెలిసికొనుట తక్కువతనమని తలచువాడు ఈ విద్యకు పనికిరాడు.

సేకరించిన ప్రతి పక్షి కాలికి ఒక చీటి కట్టవలెను. దొరకిన చోటు, తేది, ఆడుదో మగదో, కంటి రంగు, కడుపులోని ఆహారము, ఇవన్నియు ఆనాడే వ్రాసి పెట్టవలెను. జ్ఞాపకమును నమ్ముకొని రేపు వ్రాయుదమని వాయిదా వేసినచో ఆ సమాచారము చెడినట్లే. ఆ కాలమున పరిశోధన కొరకు కొన్ని పక్షులను కాల్చుట తప్పనిసరి యని శాస్త్రజ్ఞులందరు తలచుచుండిరి. సలీం అలీయు అట్లే చేసెను. కాని చచ్చిన పక్షి పేరు మాత్రమే చెప్పుననియు, బ్రతుకు సంగతి బ్రతికిన పక్షియే చెప్పవలెననియు ఆయన నానాటికి గట్టిగా గ్రహించెను. తుపాకి కంటె దుర్భిణియు, దుర్భిణి కంటె ఓర్పును ఆయనకు ముఖ్యమైన పనిముట్లయ్యెను.

ఆయన స్వభావమును తెలుపు సంగతి యొకటి గలదు. నల్లమలలో పసులపోలిగాని జాతికి చెందిన నల్లని పక్షి యొకటి యున్నది. దాని తోకనుండి రెండు పొడవైన తంతువులు వ్రేలాడును. వాని చివరలు చిన్న చట్టువముల వలె వెడల్పుగా నుండును. ఈ వెడల్పు భాగము తంతువునకు ఏ ప్రక్కన నున్నది యను విషయమున పూర్వపు గ్రంథములలో ఒక పొరపాటు దొర్లి, ఒకరిని చూచి మరియొకరు దానినే వ్రాయుచు వచ్చిరి. విస్లర్ అను ప్రసిద్ధుడైన ఆంగ్ల పక్షిశాస్త్రజ్ఞుడును అట్లే వ్రాసెను. సలీం అలీ గ్రంథమును ప్రక్కన పెట్టి పక్షినే చూచి, అది పొరపాటని ప్రకటించెను. పేరు ప్రతిష్ఠలు లేని ఒక భారతీయుడు తన తప్పు పట్టెనని విస్లరునకు మొదట కోపము కలిగెను. కాని పిమ్మట తన యొద్దనున్న పక్షులను తిరిగి పరిశీలించి, తప్పు ఒప్పుకొనెను. అంతటితో నిలువక సలీం అలీకి ఆప్తమిత్రుడై, హైదరాబాదు పరిశోధన ఫలితములకు తన వ్యాఖ్యలు చేర్చి తోడ్పడెను. సత్యమును చెప్పుటకు ఒకరికి ధైర్యము కావలెను. దానిని అంగీకరించుటకు మరియొకరికి అంతకంటె పెద్ద మనస్సు కావలెను. ఆ యిద్దరియందును ఆ గుణములు ఉండుటచే శాస్త్రమునకు మేలు కలిగెను.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చి, గ్వాలియరు, ఇందూరు, భోపాలు మున్నగు సంస్థానములలోను ఆయన ఇట్టి పరిశోధనలే చేసెను. ఇంతలో 1939లో తెహ్మీనా శస్త్రచికిత్స పిదప ఆకస్మికముగా మరణించెను. అడవిలోను, ఇంటను తనకు కుడిచేయియైన భార్య పోవుటచే ఆయన క్రుంగిపోయెను. చెల్లెలి వంటి ఆదరముతో తోబుట్టువు తన యింట ఆయనకు ఆశ్రయమొసగెను. దుఃఖమును దిగమ్రింగి ఆయన మరల పనిలో మునిగెను. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల గ్రంథము, రంగుల బొమ్మలతో, సామాన్యులకు బోధపడు భాషతో, వేలకొలది యువకులను పక్షులకు స్నేహితులుగా చేసెను. డిల్లన్ రిప్లీ అను అమెరికా శాస్త్రజ్ఞునితో కలిసి వ్రాసిన బృహద్గ్రంథము 1968 మొదలు 1974 వరకు పది సంపుటములుగా వెలువడెను. ప్రభుత్వము 1958లో పద్మభూషణ, 1976లో పద్మవిభూషణ బిరుదములతో ఆయనను సత్కరించెను. అంతర్జాతీయ బహుమానముగా వచ్చిన ధనమును ఆయన ప్రకృతి సంరక్షణ నిధికే ఇచ్చివేసెను. 1985లో రాజ్యసభ సభ్యుడుగా నియమితుడయ్యెను. చిన్ననాట పట్టము లేదని ఉద్యోగము దొరకనివానికి విశ్వవిద్యాలయములే పిలిచి గౌరవపట్టములిచ్చినవి.

కాలము గడచుకొలది ఆయనకు ఒక దిగులు పట్టుకొనెను. తాను యౌవనమున చూచిన పక్షులు ముసలితనమున కనుపించుట లేదు. ముఖ్యముగా బట్టమేకపిట్ట సంగతి ఆయనను కలచివైచెను. ఇది బీళ్లలో నివసించు పెద్ద పక్షి. మీటరు ఎత్తున నిలుచును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో ఇది యొకటి. ఇది సాధారణముగా ఒక్క గ్రుడ్డే, అదియు నేలమీదనే పెట్టును. గడ్డిబీళ్లు పనికిమాలిన నేలలని తలచి దున్నివేసినచో దీనికి నిలువ నీడ యుండదు. దేశమునకు ఒక జాతీయపక్షిని ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు సలీం అలీ బట్టమేకనే సూచించెను. నెమలిని ఎల్లరు ప్రేమింతురు. ప్రేమించువారు లేని పక్షికి ఆ గౌరవమిచ్చినచో అది బ్రతుకునని ఆయన యాశ. 1963లో నెమలియే జాతీయపక్షి యయ్యెను. అయినను ఆయన ఊరకుండలేదు. 1980 దశకమున బొంబాయి సంఘమువారు బట్టమేకపై పరిశోధన సాగించిన చోట్లలో రోళ్లపాడు ఒకటి. ఆ బీళ్లు 1988లో అభయారణ్యముగా ప్రకటింపబడినవి. కాని నేడు బట్టమేకపిట్ట దేశమంతటను రెండు వందలకు లోపుగనే మిగిలినదని అంచనా. రక్షణ ఆలస్యమైనచో కలుగు నష్టమునకు ఇది ఉదాహరణము.

ఆయన చివరి దినములలో మన నేలనుండియే ఒక శుభవార్త వచ్చెను. కడప ప్రాంతపు పొదలలో కలివికోడి యను చిన్న పక్షి గలదు. 1848లో శాస్త్రలోకమునకు తెలిసిన ఈ పక్షి, 1900వ సంవత్సరము తరువాత ఏ శాస్త్రజ్ఞుని కంటను పడలేదు. అది అంతరించినదనియే పలువురు తలచిరి. సలీం అలీ సేవించిన బొంబాయి సంఘము తరఫున ఒక యువ పరిశోధకుడు, పక్షి బొమ్మ చేతబట్టుకొని, పల్లెపల్లెకును తిరిగి, వేటగాండ్రను అడిగెను. అది రాత్రివేళ తిరుగు పక్షియని తెలిసినవారు వారే. 1986 జనవరిలో రెడ్డిపల్లె గ్రామ సమీపమున, దీపపు వెలుగులో, ఒక స్థానికుని చేతికి అది చిక్కెను. ఎనుబదియారేండ్లుగా శాస్త్రజ్ఞులు పగటివేళ వెదకి కానలేని దానిని అక్షరము రానివారు రాత్రివేళ ఎరిగియే యుండిరి. వారిని అడుగుటయే ఆలస్యమైనది. ఆ వార్త వెలువడునాటికి సలీం అలీకి ఎనుబదితొమ్మిదేండ్లు. కలివికోడి కొరకు లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. అయినను ఆ పక్షి నేటికిని మిక్కిలి యరుదు.

1987వ సంవత్సరము జూను 20వ తేదీన సలీం అలీ బొంబాయిలో పరమపదించెను. ఆయన పుట్టిన నవంబరు 12వ తేదీని పక్షిప్రేమికులు నేటికిని పక్షుల దినముగా జరుపుకొందురు.

ఆయన జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది పక్షుల పేర్లు మాత్రమే కాదు. తెలియని దానిని తెలియదని ఒప్పుకొని అడుగుట, అడిగిన పిదప స్వయముగా చూచుట, చూచినదానిని చూచినట్లే వ్రాయుట, ఇవి మూడును ఆయన మనకు వదలిపోయిన ఆస్తి. ఇవి ఉన్నవానికి పట్టము లేకపోయినను విద్య కొరత పడదు.

విద్యార్థులారా! మీరు ఎప్పుడైనను మహానందికి పోయినప్పుడు, దర్శనమైన పిదప కొండ పాదమున ఒక చెట్టునీడను కొంతసేపు మౌనముగా కూర్చుండుడు. చేత ఉండేలు బదులు చిన్న పుస్తకమును, పెన్సిలును ఉంచుకొనుడు. మేకలు కాయు తాత కనుపించినచో, ఆ కొమ్మ మీది పిట్ట పేరేమని వినయముతో అడుగుడు. ఆతడు చెప్పిన పేరును, పిట్ట రంగును, కూతను, నాటి తేదిని వ్రాసికొనుడు. గొంతుకపై పసుపుమచ్చ గల కొండపిచ్చుక అచ్చట వ్రాలినచో, ఒక యనాథబాలుని ప్రశ్న ఎంత దూరము నడచినదో తలచుకొనుడు. పిట్టను మాత్రము ఎగిరిపోనిండు. రేపు మరియొకరు వచ్చి చూడవలెను గదా!